యూరియా విడిపోయే ఆ రెండు రోజులు: యూరియేజ్ ఎంజైము రసాయన చర్యను వేగవంతం చేసే విధానం

మొక్కజొన్న చేలో, నల్లరేగడి నేలపై, పదును ఉన్నప్పుడు పైపాటుగా యూరియా చల్లిన రెండవ రోజు ఉదయం సాళ్ల మధ్య వంగి చూస్తే ముక్కుకు ఘాటైన వాసన సోకుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక క్షేత్ర దినోత్సవంలో ఒక పెద్దాయన ఈ వాసన గురించే నన్ను ప్రశ్నించారు. “బస్తాలో ఏడాది పడి ఉన్నా వాసన లేని యూరియాకు, చేలో పడ్డ రెండో రోజుకే ఈ ఘాటు ఎక్కడిది సార్?” అన్నారు. “అది అమ్మోనియా అయి గాలిలో పోతున్నదండీ, మట్టి కప్పాలి” అని చెప్పి ఆనాడు ముగించాను. సలహా సరైనదే. అయితే ఆయన అడిగింది సలహా కాదు, కారణం. ఆ కారణం చెప్పాలంటే జీవకణజాలంలో ఎంజైములు రసాయన చర్యలను ఏ విధంగా వేగవంతం చేస్తాయో మొదటి నుంచి వివరించవలసి ఉంటుంది. మన పొలాల్లో ప్రతి సీజనులోనూ కళ్లెదుట పనిచేసే యూరియేజ్ అనే ఎంజైమును ఉదాహరణగా తీసుకొని ఆ వివరణకు ఈ వ్యాసంలో పూనుకుంటున్నాను.

యూరియా అణువు నిర్మాణం సరళమైనది. మధ్యలో ఒక కర్బన పరమాణువు, దానికి ఒకవైపు ఆక్సిజన్, మిగిలిన రెండువైపులా నత్రజనిని కలిగిన రెండు అమైనో సమూహాలు ఉంటాయి. బరువులో 46 శాతం నత్రజని కాబట్టి 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. నీటితో చర్య జరిపి విడిపోయినప్పుడు ఒక్కొక్క యూరియా అణువు నుంచి రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డై ఆక్సైడ్ అణువు వెలువడతాయి. అంటే 60 గ్రాముల యూరియా పూర్తిగా విడిపోతే 34 గ్రాముల అమ్మోనియా ఏర్పడుతుంది. శక్తి లెక్కల ప్రకారం ఇది తనంతట తాను జరగగల చర్యే. అయినా సూక్ష్మజీవులు సోకని శుద్ధమైన నీటిలో యూరియాను కరిగించి, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మూతపెట్టి ఉంచితే, అందులో సగం విడిపోవడానికి దశాబ్దాలు పడుతుంది. అదే యూరియా తేమగల చేలో రెండు నుంచి ఏడు రోజుల్లో దాదాపు పూర్తిగా విడిపోతుంది. బస్తాలో చెడకపోవడానికి పొడిదనం ఒక కారణం. కాని నీరు తగిలినంత మాత్రాన యూరియా విడిపోదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఈ స్థిరత్వానికి మూలం అణువులోనే ఉన్నది. నత్రజని పరమాణువులపై ఉన్న ఎలక్ట్రాన్ జంటలు అక్కడే ఉండిపోక కర్బనం వైపుకు కూడా పంచుకోబడతాయి. అందువల్ల కర్బన, నత్రజనుల మధ్య బంధం సాధారణ ఏక బంధం కంటే బలపడుతుంది. నీటి అణువు వచ్చి దాడిచేయడానికి అనువైన ఎలక్ట్రాన్ల కొరత కర్బనంపై తగ్గిపోతుంది. చర్య జరగాలంటే ముందు ఈ పంపకం చెడాలి, కర్బనం చుట్టూ ఉన్న సమతల నిర్మాణం వంగాలి. ఆ వంగిన, సగం తెగి సగం అతికిన అస్థిర రూపాన్నే సంక్రమణ స్థితి అంటారు. అక్కడికి చేరడానికి కావలసిన శక్తి ఉత్తేజన శక్తి.

తరగతిలో నేను దీనిని కనుమతో పోల్చి చెబుతుంటాను. ఎత్తైన ఊరినుంచి పల్లపు ఊరికి పోవాలి, మధ్యలో కొండ అడ్డుగా ఉన్నది. పల్లపు ఊరు ఎంత పల్లంలో ఉన్నా కొండ దాటే సత్తువ లేనివాడు బయలుదేరిన చోటనే ఉండిపోతాడు. ఎంజైము ఆ మనిషిని భుజాన మోసుకొని పోదు. తక్కువ ఎత్తున్న కనుమ దారిని తెరుస్తుంది. రెండు ఊళ్ల ఎత్తులు మాత్రం ఎప్పటివలెనే ఉంటాయి. విద్యార్థుల జవాబు పత్రాల్లో “ఎంజైములు చర్యకు శక్తిని అందిస్తాయి” అన్న వాక్యం ఏటా కనబడుతుంది, ఏటా మార్కులు కోల్పోతుంది. ఎంజైము శక్తిని ఇవ్వదు. సమతాస్థితిని ఇటు నుంచి అటు జరపదు. ఎలాగూ చేరవలసిన చోటికి త్వరగా చేరుస్తుంది, అంతే. చర్య ముగిశాక తాను పూర్వరూపంలోనే మిగిలి తరువాతి అణువును స్వీకరిస్తుంది.

కనుమ ఎంత తగ్గితే వేగం ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు చక్కని లెక్క ఉన్నది. 25 డిగ్రీల వద్ద ఉత్తేజన శక్తి మోల్‌కు సుమారు 5.7 కిలోజౌళ్లు తగ్గితే చర్యావేగం పది రెట్లు పెరుగుతుంది. మరో 5.7 తగ్గితే వంద రెట్లు. యూరియేజ్ ఉన్నప్పటి వేగం, లేనప్పటి వేగం కంటే సుమారు కోటి కోట్ల రెట్లని అంచనా. అది ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. అంటే పద్నాలుగు సార్లు 5.7, దాదాపు 80 కిలోజౌళ్ల మేరకు కొండ తగ్గినట్లు. దశాబ్దాల పని రెండు రోజుల్లో ముగియడం వెనుక ఉన్న గణితం ఇదే. ఒక్కొక్క క్రియాశీల స్థానం సెకనుకు కొన్ని వేల యూరియా అణువులను విడగొట్టగలదు.

ఎంజైము ప్రోటీనని తేలిన కథ

యూరియేజ్‌కు జీవరసాయన శాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉన్నది. స్ఫటిక రూపంలో తొలిసారిగా లభించిన ఎంజైము ఇదే. 1897లో బుక్నర్, ఈస్టు కణాలను నలిపి తీసిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని చూపి, ఈ పనికి సజీవ కణమే ఉండనక్కరలేదని నిరూపించాడు. అయితే ఆ రసంలో పనిచేసే పదార్థం ఏమిటన్న వివాదం మరో ముప్పై ఏళ్లు సాగింది. జర్మనీలో విల్‌స్టాటర్ వంటి ఉద్దండులు ఎంజైము ప్రోటీన్ కాదని, ప్రోటీన్ కేవలం దానిని మోసే వాహకమని వాదించారు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ 1917లో యూరియేజ్‌ను శుద్ధిచేసే పనికి పూనుకున్నాడు. పదిహేడేళ్ల వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఆయన ఎడమ చేతిని కోల్పోయాడు. ఆయనది ఎడమచేతి వాటం. ప్రయోగశాలలో మంచుపెట్టె లేని రోజుల్లో, తీసిన రసాన్ని కిటికీ గట్టుపై పెట్టి, రాత్రి చలి పడాలని కోరుకుంటూ కూర్చున్నానని తరువాత చెప్పుకున్నాడు. ఆయన ముడిసరుకు జాక్ బీన్, అంటే మన పెరళ్లలో పెరిగే చమ్మకాయకు దగ్గరి జాతి. 1926లో ఆ గింజల పిండిని పలుచని ఎసిటోన్‌తో కలిపి, వడపోసి, చల్లని చోట ఉంచగా మరునాటికి సూక్ష్మదర్శిని కింద చిన్న చిన్న స్ఫటికాలు కనిపించాయి. వాటిని కరిగించి చూస్తే ప్రోటీన్ పరీక్షలన్నీ ఫలించాయి, యూరియాను విడగొట్టే శక్తి అత్యధికంగా ఉన్నది. అయినా నలుగురూ అంగీకరించడానికి ఏళ్లు పట్టింది. 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. సమ్నర్ హార్వర్డులో ఆటో ఫోలిన్ వద్ద పరిశోధన చేశాడు. ఒంటి చేతివాడు రసాయన శాస్త్రంలో రాణించలేడని ఫోలిన్ మొదట నిరుత్సాహపరిచాడట. అదే ఫోలిన్ నడిపిన విభాగంలో, కొన్నేళ్ల తరువాత, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేరి 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. భాస్వరాన్ని విడుదల చేసే ఎంజైముల చర్యావేగాన్ని కొలవడానికి ఆ పద్ధతిని ప్రపంచమంతటా వాడారు.

జాక్ బీన్ యూరియేజ్‌లో నికెల్ ఉన్నదని 1975లో ఆస్ట్రేలియాలోని జెర్నర్ బృందం కనుగొన్నది. జీవులలో నికెల్‌కు ఒక నిర్దిష్టమైన పని ఉన్నదని తెలియడం అదే మొదలు. ఆ ఎంజైము త్రిమితీయ నిర్మాణం పూర్తిగా వెల్లడైంది 2010లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో. స్ఫటికం నుంచి నిర్మాణం దాకా 84 ఏళ్లు పట్టింది.

నికెల్ జంట చేసే పని

జాక్ బీన్ యూరియేజ్ ఆరు ఉపఖండాల కూర్పు. ఒక్కొక్క ఉపఖండంలో 840 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఇంత పెద్ద నిర్మాణంలో అసలు చర్య జరిగేది లోతుగా ఉన్న ఒక చిన్న గూటిలో. అందులో రెండు నికెల్ అయాన్లు పక్కపక్కన ఉంటాయి. కార్బన్ డై ఆక్సైడ్ చేరిన ఒక లైసిన్ వాటి మధ్య వంతెనగా నిలుస్తుంది.

యూరియా గూటిలో ప్రవేశించినప్పుడు దాని ఆక్సిజన్ ఒక నికెల్‌కు అంటుకుంటుంది. నికెల్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. ఫలితంగా కర్బనంపై ఎలక్ట్రాన్ల కొరత తిరిగి ఏర్పడుతుంది. స్వేచ్ఛగా ఉన్నప్పుడు నత్రజనులు ఏ కొరతను పూడ్చి యూరియాను కాపాడాయో, ఆ కాపుదలను నికెల్ భంగపరుస్తుందన్న మాట. మరోవైపు నికెల్‌కు అంటుకున్న నీటి అణువు ఒక ప్రోటాన్‌ను వదిలి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. మామూలు నీటికంటే దాడిచేసే శక్తి దీనికి ఎంతో ఎక్కువ. ఈలోగా గూటి పైభాగంలో ఉన్న మడత మూతవలె మూసుకొని, చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు యూరియాను సరైన కోణంలో నిలబెడతాయి. విడిపోయే నత్రజనికి ప్రోటాన్‌ను అందించే ఏర్పాటు కూడా అక్కడే ఉన్నది. ఒక అమ్మోనియా విడివడుతుంది. మిగిలిన కార్బమేట్ నీటిలో తనంతట తానే విచ్ఛిన్నమై రెండవ అమ్మోనియాను ఇస్తుంది. ఆ రెండవ మెట్టుకు ఎంజైము అక్కరలేదు.

1894లో ఎమిల్ ఫిషర్ చెప్పిన తాళంకప్ప, తాళంచెవి పోలిక మన పాఠ్యపుస్తకాలలో నేటికీ ఉన్నది. అది ఎంజైము ఎంపికను, అంటే ఒక ఎంజైము ఒకే రకపు అధస్థ పదార్థాన్ని గుర్తించడాన్ని, బాగా వివరిస్తుంది. వేగాన్ని వివరించలేదు. గూడు యూరియాకే అచ్చుగుద్దినట్లు అమరితే యూరియా అక్కడ సుఖంగా ఉండిపోతుంది, చర్య జరగదు. గూడు అమరేది యూరియాకు కాదు, యూరియా వంగి విడిపోబోయే సంక్రమణ స్థితికి. ఆ స్థితిని ఎంజైము గట్టిగా పట్టి స్థిరపరచడమే కనుమ ఎత్తు తగ్గడం. నా అభిప్రాయంలో ఎంజైములను గురించి స్నాతక విద్యార్థి ఒక్క విషయమే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోవాలి.

ఈ ఎంజైమును కళ్లారా చూడడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పచ్చి సోయాచిక్కుడు పిండిలో యూరియేజ్ సమృద్ధిగా ఉంటుంది. మూడు గాజు గ్లాసుల్లో యూరియా ద్రావణం పోసి, ఒకదానిని అలాగే ఉంచి, రెండవదానిలో పచ్చి సోయాపిండి, మూడవదానిలో బాగా ఉడికించిన సోయాపిండి కలపాలి. నాలుగవ గ్లాసులో యూరియా లేకుండా నీళ్లు, పచ్చిపిండి ఉండాలి. పసుపు పూసి ఆరబెట్టిన కాగితపు ముక్కలను కొంతసేపటి తరువాత ముంచితే రెండవ గ్లాసులో మాత్రమే కాగితం ఎర్రబారుతుంది. అమ్మోనియా క్షారగుణమే దానికి కారణం. ఉడికిన పిండిలో అమైనో ఆమ్లాల వరుస చెక్కుచెదరలేదు. చెదిరినది వాటి మడత. మడత విప్పుకుంటే నికెల్ గూడు ఉండదు, గూడు లేకపోతే వేగం లేదు. “మూడవ గ్లాసు ఎన్నటికీ ఎర్రబారదా?” అని ఒక విద్యార్థిని అడిగింది. మూత తీసి ఉంచితే నాలుగు రోజులకు ఎర్రబారవచ్చు, గాలిలోని సూక్ష్మజీవులు తమ యూరియేజ్‌తో వచ్చి చేరతాయి కాబట్టి. పశువులకు యూరియా కలిపిన దాణాతోపాటు పచ్చి సోయాపిండి పెట్టరాదనడానికి కారణం కూడా ఈ రెండవ గ్లాసే.

ఆకులో యూరియేజ్

యూరియా అనగానే బస్తా గుర్తుకు వచ్చినా, మొక్క తన కణజాలంలో తానే యూరియాను ఉత్పత్తి చేసుకుంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు, ముసలి ఆకులు పండేటప్పుడు ప్రోటీన్లు విచ్ఛిన్నమై అర్జినిన్ విడుదలవుతుంది. అర్జినేజ్ అనే మరో ఎంజైము దాని నుంచి యూరియాను వేరుచేస్తుంది. ఆ యూరియాలోని నత్రజనిని మొక్క తిరిగి వాడుకోవాలంటే యూరియేజ్ తప్పనిసరి. నికెల్ అందకుండా పెంచిన సోయాచిక్కుడులో ఆకు కొనలు మాడిపోయాయని, ఆ కొనలలో యూరియా విషప్రాయమైన స్థాయిలో పేరుకున్నదని 1983లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు. 1987లో బార్లీపై జరిగిన పరిశోధనతో నికెల్ ఆవశ్యక పోషకాల పట్టికకు చేరింది. మొక్కకు కావలసిన నికెల్ అత్యల్పం. మన నేలల్లో దాని లోపాన్ని ప్రత్యేకంగా వెదకవలసిన పని సాధారణంగా ఉండదు.

బెట్టకు గురైన పైరుకు, లేదా ముంపు తీసిన తరువాత వేరు పనిచేయని పైరుకు, లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున యూరియా పిచికారి చేయమని చెబుతుంటాం. మోతాదు మించితే ఆకు అంచులు మాడతాయి. ఆకులోని యూరియేజ్ త్వరత్వరగా అమ్మోనియాను పుట్టించడమే ఈ మాడుకు కారణమని చాలాకాలం బోధించారు, నేనూ అలాగే చదువుకున్నాను. 1989లో అయోవాలో బ్రెమ్నర్ బృందం సోయాచిక్కుడు ఆకులపై దీనిని పరీక్షించింది. యూరియాతోపాటు యూరియేజ్ నిరోధకాన్ని కలిపి పిచికారి చేస్తే ఆకులో అమ్మోనియా తగ్గింది, మాడు మాత్రం పెరిగింది. విడిపోకుండా మిగిలిన యూరియాయే ఆకుకు హాని చేస్తున్నదని తేలింది. ఆకులో ఎంజైము హంతకి కాదు, రక్షకి. నేలపై అమ్మోనియా నష్టాన్ని తగ్గించే నిరోధకాన్ని ఆకుపై చల్లే ద్రావణంలో కలపరాదన్నది దీని ఆచరణాత్మక ఫలితం.

మట్టిలో యూరియేజ్

మట్టిలోని యూరియేజ్ ప్రధానంగా సూక్ష్మజీవుల నుంచి, కొంత మొక్కల అవశేషాల నుంచి వస్తుంది. దానిని తయారుచేసిన కణం చనిపోయినా ఎంజైము బంకమట్టి రేణువులకు, హ్యూమస్‌కు అంటుకొని చాలాకాలం పనిచేస్తూ ఉంటుంది. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. పరిశోధక విద్యార్థిగా యూరియా వేసిన మడుల నుంచి తడి మట్టి నమూనాలను సాయంత్రం తీసి, పాలిథిన్ సంచులలో కట్టి, మరునాడు విశ్లేషిద్దామని గదిలో ఉంచాను. తెల్లవారేసరికి సంచిలోనూ చర్య సాగిపోయింది. మిగిలిన యూరియా అంకెలకు అర్థం లేకుండాపోయింది. ఆ వారం లెక్కలన్నీ చింపివేయవలసి వచ్చింది. పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఎంజైమును ఆపే పాదరస సమ్మేళనాన్ని కలిపి, పొలంలోనే నమూనాను అందులో వేయాలని పద్ధతుల పుస్తకంలో ఎందుకు వ్రాశారో అప్పుడు తెలిసింది.

గుళిక కరిగిన చోట యూరియా సాంద్రత చాలా ఎక్కువగా ఉంటుంది. అక్కడి ఎంజైము గూళ్లన్నీ నిండిపోతాయి. యూరియా ఇంకా ఎక్కువైనా వేగం పెరగదు. 1913లో మైకేలిస్, మెంటెన్ సూత్రీకరించిన సంతృప్త స్థితి ఇదే. ఉష్ణోగ్రత మాత్రం వేగాన్ని మారుస్తుంది. పది డిగ్రీలు పెరిగితే చర్య సుమారు రెట్టింపవుతుంది. అందుచేత జనవరి చలిలో నాలుగైదు రోజులు పట్టే పని ఆగస్టులో రెండు రోజుల్లో ముగుస్తుంది. ఎండుగడ్డి, పంట మోళ్లు ఉపరితలంపై ఉన్న చేలో ఎంజైము కూడా ఎక్కువ.

నష్టం ఎంజైము వల్ల నేరుగా జరగదు, అది మార్చే ఉదజని సూచిక వల్ల జరుగుతుంది. యూరియా విడిపోయేటప్పుడు చుట్టూ ఉన్న ప్రోటాన్లు ఖర్చవుతాయి. గుళిక చుట్టూ ఉదజని సూచిక 9 దాకా పోవచ్చు. సూచిక 7 వద్ద అమ్మోనియం, అమ్మోనియాల మొత్తంలో వాయురూపం దాల్చగలది అర శాతం మాత్రమే. 8 వద్ద అది అయిదు శాతం, 9 వద్ద మూడోవంతుకు మించుతుంది. ఎర్ర చల్కా నేలలకంటే సున్నం ఎక్కువగా గల నల్లరేగడిలో ఈ ప్రమాదం అధికం, ఎందుకంటే అక్కడి సూచిక మొదటే 8 దాటి ఉంటుంది. నీరు నిలిచిన వరి మడిలో మరో మెలిక ఉన్నది. పగటిపూట నాచు, నీటిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను వాడుకోవడంతో మధ్యాహ్నానికి మడినీటి సూచిక 9 దాటగలదు. విత్తనంతోపాటు ఒకే చాలులో యూరియా వేస్తే మొలక దెబ్బతినడానికీ ఇదే అమ్మోనియా కారణం.

ఇప్పుడు ఆ పెద్దాయనకు ఇచ్చిన సలహాకు అర్థం చెప్పవచ్చు. యూరియాకు విద్యుదావేశం లేదు, నీటితోపాటు సులభంగా కిందికి దిగుతుంది. అమ్మోనియంగా మారాక బంకమట్టి దానిని పట్టుకుంటుంది. కాబట్టి ఎంజైము పని ముగించేలోగా యూరియాను అయిదు సెంటీమీటర్ల లోతుకు చేర్చగలిగితే పుట్టిన అమ్మోనియా పైకి రాకుండా మట్టిలోనే నిలుస్తుంది. గుంటక తోలి కప్పినా, చల్లిన వెంటనే తగినంత తడి ఇచ్చినా ఫలితం దాదాపు ఒకటే. అన్నిటికంటే చెడ్డది మంచు పదునుకో, చిరుజల్లుకో ఆశపడి చల్లి వదిలేయడం. గుళికను కరిగించి ఎంజైముకు అప్పగించేంత తేమ ఉంటుంది, లోతుకు దింపేంత నీరు ఉండదు. వరిలో నీరు తీసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజుల తరువాత నీరు పెట్టమనడం ఇందుకే.

50 కిలోల యూరియాను 250 కిలోల తేమగల మెత్తని మట్టితో కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి చల్లమనే పాత సిఫారసును ఈ దృష్టితో చూడాలి. ఆ రెండు రోజులలో మట్టిలోని యూరియేజ్ కొంత యూరియాను విడగొడుతుంది, వచ్చిన అమ్మోనియం బంకమట్టికి అంటుకొని పొలానికి చేరుతుంది. సున్నపు నేలల మట్టితో, ఎండలో, పరచి ఈ పని చేస్తే ప్రయోజనం కుప్పలోనే పోతుంది. నీడన, గుట్టగా, కప్పి ఉంచాలి.

వేపపూత యూరియా విషయంలో మాత్రం ఒక అపోహ బలంగా నాటుకొని ఉన్నది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయింది. అది అమ్మోనియా ఆవిరిని ఆపుతుందని డీలర్లే కాదు, కొందరు విస్తరణాధికారులు కూడా చెబుతున్నారు. వేప ప్రధానంగా అడ్డుకొనేది తరువాతి మెట్టును, అంటే అమ్మోనియం నైట్రేట్‌గా మారే నత్రీకరణాన్ని. ఆ మెట్టులో పనిచేసేది బాక్టీరియాలోని వేరొక ఎంజైము. నైట్రేట్ రూపంలో కిందికి కొట్టుకుపోయే నష్టాన్ని, మడిలో వాయు రూపంలో పోయే నష్టాన్ని వేప తగ్గిస్తుంది. యూరియేజ్ గూటిని అది మూయదు. వేపపూత ఉన్నదని ధీమాపడి నల్లరేగడిపై యూరియాను కప్పకుండా వదిలితే ఘాటు వాసన తగ్గదు.

యూరియేజ్‌నే లక్ష్యంగా చేసుకున్న నిరోధకాలు వేరుగా ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఎన్‌బీపీటీ. మట్టిలో అది ఆక్సిజన్ చేరిన రూపానికి మారి, చర్య మధ్యలో యూరియా తాల్చే ఆకృతిని పోలి ఉండి, నికెల్ జంటపై తిష్ఠ వేస్తుంది. సంక్రమణ స్థితికి అమరే గూడు, దానిని పోలిన అణువును యూరియాకంటే గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా వదలదు. వేగానికి మూలమైన గుణమే ఎంజైమును బంధించడానికీ ఉపకరించింది. దీని ప్రభావం ఒకటి రెండు వారాలు నిలుస్తుంది, ఆమ్ల నేలల్లో ఇంకా త్వరగా తగ్గుతుంది. వర్షాధార పంటలో చల్లిన రోజుకూ వాన పడే రోజుకూ మధ్య ఉండే ఎడబాటును దాటడానికి ఆ వ్యవధి విలువైనదే. గుంటక తోలడానికి వీలున్న చేలో, సమయానికి తడి పెట్టగల చేలో దానికి అదనంగా సొమ్ము పెట్టవలసిన అవసరం నాకు కనబడదు.